మేము ఉపవాసం ఉంచిన గుర్రం

నోరులేని జీవాల ఆకలి తెలిసిన తండ్రికి నమస్కారం. యుద్ధం నడుమ రథం ఆపి, గుర్రాల కాడి విప్పి, వాటి ఒంట్లో దిగిన బాణాలు తన చేతులతో పీకి, నీళ్ళు పట్టించి, ఒళ్ళు తోమిన సారథికి నమస్కారం. వేదాలు పోతే గుర్రం ముఖం పెట్టుకుని వెళ్ళి తెచ్చిన స్వామికి నమస్కారం. నేను చేసిన పని చూసి కూడా ఇన్నేళ్ళు నా నాలుక పడిపోకుండా ఉంచినవాడికి వెయ్యి నమస్కారాలు. ఆ నాలుకతోనే ఈ సంగతి చెప్పాలి గనక ఆయన పేరు తలుచుకుని మొదలుపెడుతున్నాను.

యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడిన కొత్తలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి నాంపల్లి స్టేషను వెనక సందుల్లో అద్దెకి దిగిన కుటుంబాలు మావి. మగవాళ్ళం గుమాస్తాలం, బడిపంతుళ్ళం. ఊరు కొత్త. ఇక్కడివాళ్ళు మాట్లాడేది తెలుగే అయినా సగం అర్థమయ్యేది కాదు. శనివారం సాయంత్రాలు ఎవరో ఒకరి ఇంట్లో చేరి భజన చేసుకుంటే ప్రాణం కుదుటపడేది. రెండేళ్ళు తిరిగేసరికి అది సమాజమైంది. ఒక పాత పెంకుటిల్లు అద్దెకి తీసుకుని, ముందుగదిలో స్వామిని ప్రతిష్ఠించుకున్నాం. ఉత్సవ విగ్రహం పంచలోహంది, జానెడు ఎత్తు. ఆ ఇంటిని మందిరం అనేవాళ్ళం. దారిన పోయేవాళ్ళు మాత్రం ఆంధ్రావాళ్ళ పాటల కొట్టు అనేవారు.

సమాజానికి పెద్దదిక్కు మాస్టారు. ఊళ్ళో హెడ్మాస్టరు చేసి రిటైరై, కొడుకు ఉద్యోగం వెంట ఇక్కడికి వచ్చినాయన. ఆయన దగ్గితే మేము తాళాలు ఆపేసేవాళ్ళం. ఆయన తర్వాత చెప్పుకోవలసింది నన్నే. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. ఏడో ఏట నుంచి మా నాన్న పక్కన కూర్చోబెట్టుకుని పురాణం చదివించాడు. గొంతు కూడా దేవుడిచ్చాడు. ఏకాదశి సాయంత్రం నేను పురాణం చెబుతుంటే ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకోవడం ఓరగా చూసుకుని ఇంకాస్త సాగదీసేవాణ్ణి.

చైత్రంలో మా ఉత్సవాలు, ఉగాది నుంచి తొమ్మిది రోజులు. ఎనిమిదో రోజు స్వామికి అశ్వవాహనం. మా దగ్గర వాహనం లేదు. నేను చెప్పబోయే ఉత్సవానికి ముందటేడు, దగ్గర్లోనే ఉన్న ఒక పాత కోవెలకి వెళ్ళి వాళ్ళ కొయ్యగుర్రం ఒక్క పూటకి ఇమ్మని అడిగాం. ఇవ్వలేదు. ఇవ్వకపోతే పోయె, అక్కడి ధర్మకర్త నవ్వుతూ ఒక మాట అన్నాడు:

"కిరాయి ఇంట్ల దేవునికి కిరాయి గుర్రమా పంతులుగారూ? టాంగా మీద కూసోబెట్టుకపోండ్రి."

మాస్టారు ఆ మాట ఏడాది పొడుగునా మర్చిపోలేదు. మాఘమాసంలో ఒక రోజు భజన ఆపి అన్నారు: "కొయ్యగుర్రం ఇవ్వనివాళ్ళకి ప్రాణమున్న గుర్రాన్ని చూపిద్దాం. అయితే పొట్టిది కావాలి. మన స్వామి జానెడు. పెద్ద గుర్రం మీద పెడితే చూరు మీద పిట్టలా ఉంటాడు. మన గుమ్మంలోంచి లోపలికి రావాలి. ఏరా అబ్బాయ్, నువ్వు చూడు."

పని నాకు పడింది. గుర్రాల గురించి నాకు తెలిసింది సున్న. ఆదివారం అబిడ్స్‌లో పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు పరిచి అమ్ముతారు కదా, అక్కడ వెతికితే అట్ట ఊడిన చిన్న పుస్తకం ఒకటి దొరికింది, గుర్రాల లక్షణాలు చెప్పేది. నుదుటి మీద సుడి ఎక్కడుంటే యజమానికి శుభం, మెడ కింద ఎటు తిరిగి ఉంటే అరిష్టం, ఇలా ఆ భాగమంతా కంఠస్థం చేశాను. వెనక సగం దాణా గురించి, డెక్కల గురించి. అది గుర్రపుసాలలో పనివాడి గొడవ అనుకుని తిరగెయ్యలేదు.

శివరాత్రి వెళ్ళిన వారంలో ఎవరో చెబితే నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానం దగ్గరికి వెళ్ళాను. ఎగ్జిబిషన్ అయిపోయి రేకులు విప్పుతున్నారు. గోడవారగా ఒక గుడిసె, దాని ముందు మొగుడూ పెళ్ళాలు. ఎగ్జిబిషన్‌లో పిల్లల్ని ఎక్కించి తిప్పే పొట్టి గుర్రం వాళ్ళది. మొగుడు నులకమంచం మీద కూర్చుని ఎగరొప్పుతున్నాడు. ఉబ్బసం. మాట్లాడేదంతా ఆమే. నలభై దాటి ఉంటుంది, చేతులు మగవాడి చేతుల్లా ఉన్నాయి.

గుర్రం నా నడుము దాకా వచ్చింది. తెలుపు, ముట్టె దగ్గర మాత్రం బూడిద రంగు. జూలు కళ్ళ మీద పడుతోంది.

"ఇది ఇంకా పెరుగుతుందా అమ్మా?"

"ఏం పెరుగుతది సారూ, పన్నెండేండ్లది. నువ్వు పెరుగుతవా ఇగ?"

మొగుడు నవ్వబోయి దగ్గాడు. నేను పుస్తకంలో చెప్పినట్టు దాని చుట్టూ ప్రదక్షిణం చేసి నుదురు చూశాను, మెడ చూశాను. ఆమె కాసేపు చూసి అంది:

"ఏందయ్యా, పిల్లను జూడవచ్చినవా, గుర్రాన్ని జూడవచ్చినవా? పండ్లు జూడు, కాళ్ళు జూడు. ఎంటికలు జూస్తరా ఎవరన్న?"

దవడ పట్టి నోరు తెరిచి చూపించింది. చొంగ మీద పడుతుందేమోనని నేను రెండడుగులు వెనక్కి వేశాను. సుడి సరిగ్గా నుదుటి మధ్యనే ఉంది. నాకు అది చాలు. ఎందుకమ్ముతున్నారని అడిగితే మొగుడి వైపు గడ్డం ఎగరేసింది. "దవాఖాన. నాకైతే గాయినకన్న గిదే నయం, చెప్పిన మాట ఇంటది. గని అమ్మనీకి మొగోణ్ణెవరు కొంటరు?"

బేరం కుదిరాక తాడు నా చేతికి ఇచ్చే ముందు ఆమె నవ్వు ఆపింది. ఆ మాటలు నేను చెవులారా విన్నాను. అందుకే వరసగా రాస్తున్నాను.

"ఇను సారూ. దీనికి గడ్డి. ఎండుగడ్డి, పచ్చిగడ్డి, గంతే. బువ్వ పెట్టకుండ్రి. బెల్లం, పరమాన్నం అసలే వద్దు. కడుపు మాడ్చి ఒక్కసారే పెట్టకుండ్రి. పొద్దుమాపు నడిపియ్యాలె, కట్టేస్తే ఖరాబైతది. మల్ల నెలకు నేనే వస్త, డెక్కలు కోసిపోత. పైసలేం వద్దు. మీకు అక్కర లేదన్ననాడు ఇంకెవరికీ ఇయ్యకుండ్రి. నాకే ఇయ్యుండ్రి."

"అలాగేనమ్మా," అన్నాను.

"అలాగే కాదు, నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పు."

నేను నెత్తి మీద చెయ్యి పెట్టుకోలేదు. బ్రాహ్మడి మాట చాలన్నాను.

తాడు పట్టుకుని స్టేషను ముందునుంచి నడిపించుకొస్తుంటే రిక్షావాళ్ళు వదల్లేదు. "ఏం సారూ, పెండ్లికొడుకు చిన్నగైండా, గుర్రం కురచైందా?" అని ఒకడు. "నడిసి నడిసి అరిగిపోయినట్టుందిరా," అని ఇంకొకడు. గుర్రం వాళ్ళకేసి చూడకుండా టకటకా నా పక్కన నడిచింది. ఆ నడక ఇప్పటికీ చెప్పగలను. నాలుగు కాళ్ళూ సమంగా పడుతూ, రాతి మీద గోళీలు దొర్లినట్టు ఉండేది.

మందిరంలో దానికి పసుపు నీళ్ళతో స్నానం చేయించి, నుదుట బొట్టు పెట్టి, మెడలో తులసి దండ వేశాం. స్వామి వాహనం గనక ఇంకెవరూ ఎక్కకూడదన్నారు మాస్టారు. ఎక్కకూడనిదాన్ని వీధుల్లో తిప్పడం ఎందుకని వరండాలో స్తంభానికి కట్టేశాం. మొదటి పది రోజులు గడ్డే వేశాం. అది కూడా నైవేద్యం పెట్టి మరీ.

అప్పుడు ఫాల్గుణ ఏకాదశి వచ్చింది.

మా సమాజానికి ఒక నియమం ఉంది. ఆ కప్పు కింద ఉన్నవాళ్ళెవరూ ఏకాదశి నాడు మెతుకు ముట్టకూడదు. ఊడ్చే మనిషి కూడా ఆ రోజు ఉపవాసమే. ఉదయం ఒకావిడ గడ్డిమోపు తెచ్చి, "దీనికి వెయ్యొచ్చా మాస్టారూ?" అని అడిగింది. మాస్టారు ఆలోచనలో పడ్డారు. ఆయన వెయ్యమనేవారేమో. నేను నోరు తెరిచాను.

"స్వామి సన్నిధిలో ఉన్న జీవానికి వ్రతం వద్దనడానికి మనమెవరం? దానికీ ఒక జన్మ కలిసొస్తుంది కదా."

నాకు అప్పటికప్పుడు పురాణాల్లోంచి నాలుగు కథలు తోచాయి. తెలియక ఉపవాసం ఉండి తరించిన జంతువులవి. ఒకటి తర్వాత ఒకటి చెప్పాను. అందరూ ఆహా అన్నారు. గడ్డిమోపు బయట పెట్టించారు. గుర్రానికి కనపడేచోటే.

మధ్యాహ్నానికి అది సకిలించడం మొదలుపెట్టింది. సాయంత్రానికి స్తంభాన్ని కొరికి పెచ్చులు లేపింది. మేము తాళాలు గట్టిగా వాయించాం.

మర్నాడు ద్వాదశి పారణ. దేవుడి గుర్రం చేత ఉపవాసం విడిపిస్తే పుణ్యమని సందు సందంతా దిగింది. చక్కెర పొంగలి, బెల్లం గుగ్గిళ్ళు, అరటిపళ్ళు, పులిహోర, ఇంటికో ఆకు. అది తలెత్తకుండా తింది. ఆడవాళ్ళు దాని మూతి తుడిచి మళ్ళీ పెట్టారు. గుడిసె ముందు ఆమె చెప్పిన మాట నాకు గుర్తు రాలేదని అబద్ధం చెప్పను. గుర్తొచ్చింది. ప్రసాదం ఎవరినైనా చంపుతుందా, గుర్రాలు తోలేదానికి ప్రసాదం మహిమ ఏం తెలుసు అనుకున్నాను. నా చేత్తోనే ఒక ఆకు పొంగలి పెట్టాను.

రెండు రోజులకి గుర్రం ఒక విచిత్రం చేసింది. కుళాయి దగ్గర నీళ్ళు నిలిచే గుంట ఉంది. తాడు కాస్త వదులుగా ఉంటే అక్కడికి వెళ్ళి ముందు కాళ్ళు రెండూ ఆ నీళ్ళలో పెట్టి గంటలు గంటలు నిలబడేది. తెల్లవారుజామున చూసినవాళ్ళు, "తనంతట తానే స్నానం చేస్తోంది!" అన్నారు. ఆ సాయంత్రం హారతి వేళ ఇంకో వింత జరిగింది. ముందు కాళ్ళు బారజాపి, వెనక కాళ్ళ మీద బరువంతా వేసి, మెల్లగా స్వామి ఎదుట వాలిపోయింది. తల నేలకి ఆనించింది.

గంట వాయించే ఆయన చెయ్యి ఆగిపోయింది. మాస్టారి కళ్ళ వెంట నీళ్ళు కారాయి. "చూశారా," అన్నారు, "చూశారా."

మూడో రోజుకి సందులో నిలబడే చోటు లేదు. అబిడ్స్ బట్టల కొట్లవాళ్ళు, హిమాయత్‌నగర్ నుంచి వకీళ్ళ భార్యలు, ఆఫీసర్లు. మాకు కొయ్యగుర్రం ఇవ్వని ధర్మకర్త కూడా వచ్చి వెనక వరసలో నిలబడ్డాడు. మాస్టారు ఆయన్ని ముందుకి పిలవలేదు. నేను రోజూ హారతికి ముందు భక్తి గురించి చెప్పేవాణ్ణి. జ్ఞానం లేని పశువు శరణాగతి చేస్తుంటే మీకేమొచ్చిందని గద్దించేవాణ్ణి. జనం చెంపలు వేసుకునేవారు.

ఇక్కడొక మాట చెప్పాలి. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఒకటి రెండు సార్లు గుర్రం హారతి వేళకి ముందే పడుకుండిపోయేది. అప్పుడు జనం ఉసూరుమనేవారు. నాకో ఉపాయం తోచింది. మధ్యాహ్నం నుంచి దాని తాడు పైన దూలానికి బిగించి కట్టమన్నాను. పడుకోవడానికి వీల్లేదు. బండల మీద నిలబడి ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి, ఆ కాలి మీంచి ఈ కాలి మీదికి బరువు మార్చుకుంటూ ఉండేది. చెమటకి పసుపు కరిగి కారేది. హారతి పళ్ళెం ఎత్తగానే నేను తాడు వదిలేవాణ్ణి. అది ఆ క్షణానే వాలిపోయేది. ఒక్కరోజు కూడా తప్పలేదు. ఇది నేను కనిపెట్టింది. దేవుడి మహిమ వేళకి జరిగేలా తాడు నా చేతిలో పెట్టుకున్నాను.

బహుళ ఏకాదశికి మళ్ళీ ఉపవాసం ఉంచాం. ద్వాదశికి మళ్ళీ ఆకులు వచ్చాయి. ఈసారి రెండింతలు.

ఉగాది వెళ్ళి ఉత్సవాలు జరుగుతున్నాయి. నాలుగో రోజు పొద్దున ఆమె వచ్చింది. అన్నమాట ప్రకారం డెక్కలు కొయ్యడానికి, గుడ్డలో వంకర కత్తి చుట్టుకుని. వరండాలో అడుగు పెట్టి గుర్రాన్ని చూసి నిలబడిపోయింది. మేము పది మందిమి ఉన్నాం. మాస్టారు కుర్చీలో ఉన్నారు.

"ఏం జేసిన్రు దీన్ని?"

ఆమె కింద కూర్చుని దాని ముందు కాలు ఎత్తబోయింది. అది ఎత్తనివ్వలేదు, వణికింది. ఆమె అరచెయ్యి డెక్కకి ఆనించి చటుక్కున తీసేసింది.

మాస్టారు అన్నారు: "ఏయ్, ఎవరే నువ్వు? స్వామి వాహనాన్ని ముట్టుకుంటావేం?"

"మీ సామికి అమ్మింది నేనే, దొరా. ఏం తినవెట్టిన్రు?"

"ప్రసాదం," అందొక ఆవిడ. "రోజూ స్వామికి సాష్టాంగపడుతుంది తెలుసా? నువ్వు చూడలేదు పాపం."

"మొక్కుతున్నదా?" ఆమె లేచి నిలబడింది. "అది మొక్కుతలేదు తల్లీ. డెక్కల్ల నిప్పు పడ్డది దానికి. కాళ్ళు కింద పెట్టలేక ఎనకకు వాలుతున్నది. బెల్లం బువ్వ పెడితే గిట్లనే అయితది. జర నా మాటినుండ్రి. ఇయ్యాలనే తోలుకపోత. మెత్తటి మట్టిల రెండు నెలలు పండవెడితే బతుకుతది. మీ పైసలు మీకిస్త, ఒక్కసారే గాకపోయినా ఇస్త."

"నాలుగు రోజుల్లో అశ్వవాహనం," అన్నారు మాస్టారు.

"కొయ్య గుర్రాన్ని పెట్టుకోండ్రి."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. మాస్టారి ముఖం నల్లబడింది. "ఎవరు పంపారే నిన్ను? ఆ గుడివాళ్ళా? పేరొచ్చేసరికి గుర్రం తిరిగి కావాల్సొచ్చిందా? సర్కసువాడెవడైనా ఎక్కువ ఇస్తానన్నాడా?"

ఆమె ఆయన్ని వదిలేసి నా వైపు తిరిగింది.

"నీకు చెప్పలే? బువ్వ వద్దని, బెల్లం వద్దని చెప్పలే? గాయినకు చెప్పు. ఒచ్చి పట్టి జూడు డెక్క. చెయ్యి కాలకపోతే నేనే తిరిగిపోత."

అందరూ నన్నే చూశారు. నేను వంగాను. దాని కాలు ఎత్తకుండానే డెక్కని రెండు చేతులతో పట్టుకున్నాను. అప్పుడే పొయ్యి మీంచి దింపిన అన్నం గిన్నెలా ఉంది. పైన చీలమండ దగ్గర నరం ఒకటి నా వేళ్ళ కింద టపటపా కొట్టుకుంటోంది. గుర్రం నా భుజం మీద ముట్టె ఆనించింది. బహుశా నిలబడటానికి ఆసరా కోసమై ఉంటుంది.

లేచి చేతులు దులుపుకున్నాను.

"చల్లగానే ఉంది మాస్టారూ. ఈవిడ నాకేమీ చెప్పలేదు."

దగ్గర దగ్గర ఇరవై రోజులు వేదిక మీద నిలబడి ఇది భక్తి అని చెప్పినవాణ్ణి. ఆ వెనక వరసలో ధర్మకర్తని చూసినవాణ్ణి. అంతకు మించి కారణం ఏదీ లేదు. వెతికాను, దొరకలేదు.

ఆమె అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. కత్తికి మళ్ళీ గుడ్డ చుట్టింది. "నీ నోట్లె ఆ సామి పేరు ఎట్ల నిలుస్తదో," అంది. అని గుర్రం మెడ మీద ఒకసారి తట్టి వెళ్ళిపోయింది. మాస్టారు ఆమె నిలబడ్డ చోట నీళ్ళు చల్లించారు.

ఎనిమిదో రోజు సాయంత్రం ఎండ చల్లబడక ముందే ఊరేగింపు బయల్దేరింది. మందిరం నుంచి నాంపల్లి రోడ్డు మీదుగా అబిడ్స్ దాకా వెళ్ళి తిరిగి రావాలి. గుర్రం వీపు మీద జరీ వస్త్రం, దాని మీద చిన్న పీట, పీట మీద స్వామి. పూలతో దాని కళ్ళు తప్ప ఏమీ కనిపించడం లేదు. కళ్ళెం నా చేతిలో. గుమ్మం దాటించడానికి ఇద్దరు వెనకనుంచి నెట్టాల్సి వచ్చింది.

ఆ నడక గురించి ఎక్కువ రాయలేను. తారు రోడ్డు ఇంకా వేడిగానే ఉంది. ఒక్కో అడుగూ వెయ్యబోయి ఆగి, కాలు గాల్లో ఉంచి, ఇక తప్పదన్నట్టు దించేది. "ఆ ఠీవి చూడండి, స్వామిని మోస్తున్నానని దానికి తెలుసు!" అని ఎవరో అన్నారు. ఆగిపోయినప్పుడల్లా నేను కళ్ళెం గుంజాను. నోటి చివర చీరుకుపోయింది. పూలదండ అక్కడికి జరిపి కప్పేశాను.

ఆమె పేవ్‌మెంటు మీద మా పక్కనే నడుస్తూ వచ్చింది. మేమాగితే ఆగింది. మేము కదిలితే కదిలింది.

అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు దగ్గర జనం బాగా చిక్కగా ఉన్నచోట అది ముందుకాళ్ళు చాపి పడిపోయింది. చప్పట్లు మోగాయి. జేజేలు పలికారు. మేళం వాళ్ళు ఉత్సాహం కొద్దీ వేగం పెంచారు. దండం పెట్టి లేస్తుందని అందరూ ఎదురుచూశారు. నేను తాడు లాగాను. తల వచ్చింది గానీ ఒళ్ళు రాలేదు. స్వామి ఒరిగిపోతుంటే ఇద్దరు పట్టుకున్నారు.

మాస్టారు నా చెవి దగ్గర అన్నారు: "స్వామిని చేతుల మీద తీసుకో. ఊరేగింపు ఆగకూడదు."

"మరి గుర్రం మాస్టారూ?"

"స్వామి ముందు పడుకుంది. అంతకంటే దానికేం కావాలి? నడువు."

నడిచాను. పంచలోహ విగ్రహం గుండెకి హత్తుకుని, మేళం వెనక, నా గొంతుతోనే నామం ఎత్తుకుని నడిచాను. వెనక్కి చూస్తే జనం మా వెంట కదిలిపోయారు. రోడ్డు మీద పూలకుప్పలా అది, పక్కన ఆమె. దాని మీది జరీ వస్త్రం తీసి మడతపెట్టి పక్కన పెడుతోంది. మాది మాకు ఇవ్వడానికి.

మర్నాడు మందిరానికి వెళ్ళే ముందు గుడిసె దగ్గరికి వెళ్ళాను. రాత్రే ఎవరెవరినో బతిమాలి తోపుడు బండి మీద తెచ్చిందట. గుడిసె ముందు తడి మట్టి తవ్వి దాని మీద పడుకోబెట్టింది. అప్పటికి పోయి ఎంతసేపైందో తెలియదు. ఆమె మొగుడు మంచం మీంచి నన్ను చూసి ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. ఆమె జరీ వస్త్రం తెచ్చి నా చేతిలో పెట్టింది. నేనేదో అనబోయాను.

"ఏమనకు," అంది. "వెనక కాలు పట్టు. బండి మీదికి ఎత్తాలె, నా ఒక్కదానితోని అయితలేదు."

నేను చుట్టూ చూశాను. చచ్చిన పశువుని ముట్టుకుంటే మళ్ళీ స్నానం చెయ్యాలి, మందిరానికి ఆలస్యమవుతుంది, తొమ్మిదో రోజు పూజకి మైల. ఇవన్నీ ఆ క్షణంలో నాకు తోచాయి. ఆమె నా ముఖం చూసి, "ఊకో, పో," అని, దారిన పోయే రిక్షా అతణ్ణి పిలిచింది. అతను రిక్షా పక్కన పెట్టి, ఏమీ అడగకుండా వచ్చి కాలు పట్టాడు.

నేను జరీ వస్త్రం మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాను.

ఆ రోజు సాయంత్రం మాస్టారు గుర్రానికి మోక్షం వచ్చిందని ప్రకటించారు. అది హారతి వేళ వాలి ఉండగా ఒక స్టూడియో అతను తీసిన ఫొటోని పెద్దది చేయించి, స్వామి పక్క గోడకి తగిలించారు. ఆ తర్వాత పదిహేనేళ్ళు, మాస్టారు పోయాక కూడా, ప్రతి అశ్వవాహనం నాడూ ఆ భక్త గుర్రం కథ నేనే చెప్పాను. హిమాయత్‌నగర్‌లో చెప్పాను, పిలిచిన చోటల్లా చెప్పాను. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆపాలో నాకు బాగా కుదిరింది. ఏడవనివాళ్ళు లేరు. ఒకసారి అబిడ్స్‌లో ఆమె ఎదురుగా వస్తుంటే చూసి రోడ్డు దాటి అవతలికి పోయాను. మళ్ళీ కనిపించలేదు. పేరు ఏనాడూ అడగలేదు.

ఇప్పుడు ఆ ఫొటో తీసెయ్యమని సమాజంలో అడిగాను. ఎందుకని అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పాను. కుర్రకారు నా కాళ్ళకి దండం పెట్టి, "పెద్దవారు, మీ వినయం అలాంటిది," అన్నారు. ఒకరు మా ఇంట్లోవాళ్ళని పక్కకి పిలిచి, నాన్నగారికి ఈమధ్య మతిమరుపేమైనా ఉందా అని అడిగారట. ఫొటోకి కొత్త దండ వేశారు. ఏకాదశికి ఉపవాసం ఉన్న గుర్రమని కింద పెయింటుతో రాయించారు.

అందుకే ఇది రాశాను. నా మాట వాళ్ళు నమ్మడం లేదు. వాళ్ళని నమ్మించగలవాడు ఆ స్వామి ఒక్కడే. చదివిన మీరు నాతో కలిసి ఆయన్ని అడగండి. నా కోసం వద్దు. చేతులు జోడించి ఇలా అనండి:

తండ్రీ, నీ వాకిట్లో కట్టేసి ఉన్న ప్రతి జీవానికీ ఈ పూట దాని తిండి అందేలా చూడు. దాని నొప్పికి మేము నీ పేరు పెట్టకుండా కాపాడు. పట్టి చూసి కూడా కాదన్న చేతుల్ని నువ్వే పట్టి నిజం చెప్పించు. ఆ తల్లి ఎక్కడున్నా, ఆమె ఇంటి ముందు మట్టి మెత్తగా ఉంచు. మా గోడ మీది ఆ పటాన్ని దించు.

అనండి. నాతోపాటు ఇంకొకసారి అనండి.